గట్టు మీదున్న మర్యాద నీళ్ళ మీద ఏమైంది?

కాకినాడ, కోరంగి, తాళ్ళరేవు వైపు రేవుల నుంచి టూరిస్టు బోట్లు, స్పీడు బోట్లు నడుపుతున్న యజమానులకు, స్టీరింగు పట్టే సరంగు అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం.

మీలో చాలామందికి నేను తెలుసు. మొహం గుర్తు లేకపోయినా, ఇంజిను నడి నీళ్ళలో మొరాయించినప్పుడు మీరు చేసే ఫోన్ నంబరు నాదే. ఇరవై రెండేళ్ళుగా బోటు ఇంజిన్లు విప్పడం, బిగించడం తప్ప నాకు వేరే పని తెలీదు. లేఖలు రాసే అలవాటు అసలు లేదు. దీన్ని మా అమ్మాయి టైపు చేస్తోంది. అచ్చుతప్పులు దిద్దుకో తల్లీ, నా కోపం మాత్రం దిద్దకు అని ముందే చెప్పాను.

కార్తీక మాసం వచ్చిందంటే మీకు సీజను మొదలు. వనభోజనాల వాళ్ళు, ఆ తర్వాత సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఊళ్ళకొచ్చిన వాళ్ళు, మడ అడవి చూద్దామని, హోప్ ఐలాండ్ చూద్దామని క్యూ కడతారు. రోజుకి నాలుగు ట్రిప్పులు తిరిగే బోటు పది తిరుగుతుంది. నా షెడ్డు ముందు కూడా క్యూ ఉంటుంది, కాదనను. మీ సీజనే నా సీజను. అందుకే ఈ మాట బయటివాడు చెబితే మీకు కోపం రావచ్చేమో గానీ, నేను చెబితే కొంచెం వింటారని ఆశ.

ముందు నా తప్పు చెప్పుకుంటాను.

ఆరేళ్ళ కిందట ఒక స్పీడు బోటుకి రెండు ఔట్‌బోర్డు ఇంజిన్లు బాగుచేసి ట్రయల్‌కి తీసుకెళ్ళాను. యజమాని చుట్టాలు నలుగురు కూడా ఎక్కారు. మడ మధ్యలో ఉండే సన్న కాలువలోకి తిప్పాను. ఇంజిను సౌండు బాగుంది, రెండూ సమానంగా లాగుతున్నాయి, వెనక నుంచి పిల్లలు "ఇంకా, ఇంకా" అంటున్నారు. థ్రోటిల్ మొత్తం నొక్కేశాను. మలుపు తిరగ్గానే ఒడ్డుకి ఆనుకుని ఒక చిన్న నాటు పడవ. అందులో ఒక పెద్దావిడ, పీతలు పట్టుకుంటోంది. నేను దాటేశాను, ఏమీ తగల్లేదు, హమ్మయ్య అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మా బోటు లేపిన అల ఆవిడ పడవలోకి ఎక్కేసింది. బుట్ట బోర్లా పడింది. గడ్డితో కాళ్ళు కట్టిన పీతలు నీళ్ళలోకి, బురదలోకి దొర్లిపోయాయి. టిఫిన్ క్యారేజీ మూత ఒకటి తేలుతూ పోతోంది. పిల్లలు అది చూసి చెయ్యి ఊపుతున్నారు, పాపం వాళ్ళకేం తెలుసు.

ఇంజిన్లు తగ్గించి వెనక్కి వెళ్ళాను. కోసిన నూనె డబ్బాతో పడవలో నీళ్ళు తోడుకుంటోంది. జేబులో ఉన్న ఐదొందలు ఇస్తే తీసుకుంది. తీసుకుని, నీళ్ళు తోడడం ఆపకుండానే, "గట్టు మీదైతే ఇలాగే తోసేసి పోతావా నాయనా?" అంది.

అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

గోదావరి జిల్లాల వాళ్ళం మనం. మర్యాద గురించి మనకి ఒకరు చెప్పాలా? ఇంటికొచ్చిన వాడికి మంచినీళ్ళ ముందు మజ్జిగ, మజ్జిగ తర్వాత భోజనం, తినలేనన్నా వదలం. పెళ్ళిలో పిలుపు తగ్గిందని ఏళ్ళ తరబడి మాట్లాడుకోని వాళ్ళున్నారు. ఇంత పట్టింపు ఉన్న వాళ్ళం బోటెక్కి తాడు విప్పగానే ఇంకో మనిషైపోతున్నాం. నీళ్ళ మీద ఎవరిల్లూ కనబడదు కదా, అందుకేనేమో. కానీ ఆ కాలువ ఆవిడకి వాకిలి. ఆ బురద ఒడ్డు పీతలకి ఇల్లు. మనం వాకిట్లోంచి లారీ తోలుకెళుతున్నాం.

అల సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఇది నా సబ్జెక్టు. అల ఎత్తు రెట్టింపైతే దాని దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. వెడల్పు కాలువలో అయితే ఆ దెబ్బ ఒడ్డు చేరేలోపు కొంత చచ్చిపోతుంది. సన్న కాలువలో చావదు, అటు ఒడ్డుని కొట్టి ఇటు తిరిగొస్తుంది. ఆటుకి నీళ్ళు దిగిన వేళ వెళ్ళి చూడండి, ఒడ్డున మడ చెట్ల శ్వాస వేర్లు బురదలోంచి మేకులు పాతినట్టు నిలబడి ఉంటాయి. బురదలో ఉన్న వేళ్ళకి గాలి అందేది వాటితోనే. మన అల రోజుకి పది సార్లు ఆ బురదని కోసుకుపోతుంటే వేళ్ళు బయటపడి చెట్టు కాలువలోకి ఒరుగుతుంది. బోట్లు ఎక్కువ తిరిగే మలుపుల్లో అలా ఒరిగిన చెట్లు మీరే చూసుంటారు. కొందరు ఆ ఒరిగిన చెట్లకే తాడు కట్టి బోటు ఆపుతున్నారు కూడా, దాని గురించి వేరే చెప్పేదేముంది.

ఇంకో సంగతి, ఇది సరంగులకి. కాలువలోకి రాగానే మీలో కొందరు స్పీడు సగానికి తగ్గిస్తారు. మంచి ఉద్దేశమే. కానీ స్పీడు బోటు సగం స్పీడులో ఉన్నప్పుడే ముక్కు పైకి లేచి, తోక కుంగి, నీళ్ళని దున్నుకుంటూ పోతుంది. అన్నిటికంటే పెద్ద అల లేచేది అప్పుడే. ముక్కు కిందికి దిగి బోటు నీళ్ళ మీద సాపుగా కూర్చునేదాకా తగ్గిస్తేనే తగ్గించినట్టు. కొలవడానికి మీటరు అక్కర్లేదు. వెనక్కి తిరిగి చూడండి. మీ వెనకాల అల ఒడ్డున విరుగుతూ తెల్లగా నురగ కనిపించిందంటే ఇంకా తగ్గించాలి. ఇంజిను పాడవుతుందన్న భయం వద్దు, తక్కువ స్పీడులో పావుగంట నడిస్తే ఏ ఇంజినూ చావదు. నా మాట మీద నమ్మండి, పాడైతే బాగుచేయాల్సింది నేనే కదా.

ఈ మడ అంటే ఏమిటో మీ టూరిస్టులకి మీరే చెబుతారు, మైకులో. 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యం, 1978లో ప్రకటించారు, బావురు పిల్లి ఉంటుంది, నీటికుక్కలుంటాయి, బోలెడు పక్షులు. బాగానే చెబుతారు. మరి అంత గట్టిగా మైకులో చెబితే ఏ బావురు పిల్లి కనబడుతుంది? దాని పైన డీజే పాటలు. పోయిన సంక్రాంతికి ఒక కుటుంబం దిగాక నా దగ్గర నిలబడి, "ఏంటండీ, అడవన్నారు, ఒక్క పక్షీ లేదు" అన్నారు. వాళ్ళెక్కిన బోటు స్పీకరు సౌండుకి నా షెడ్డు రేకులు అదురుతున్నాయి. ఉన్న పక్షి ఉంటుందా?

మీరు చెప్పని సంగతి ఒకటుంది. పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు పెరిగేది ఈ మడ వేళ్ళ మధ్యే. పెద్దయ్యాక సముద్రానికి పోతాయి. అంటే ఆ కాలువలో బురద కలిసిన ప్రతిసారీ బయట సముద్రంలో వేటాడే వాడి వల తేలికవుతోంది. 1996 నవంబరు 6 తుపాను గుర్తున్న వాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళని అడగండి, మడ అడ్డం ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా చెబుతారు.

ఇక దారి మర్యాద. రోడ్డు మీద మనది ఎడమ. నీళ్ళ మీద ప్రపంచమంతా కుడి. సన్న కాలువలో కుడి ఒడ్డు వైపు నడపాలి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిప్పుకోవాలి. దాటేవాడే తప్పుకుని దాటాలి, ముందున్నవాడు కాదు. ఇవి 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నిబంధనలు, పెద్ద ఓడ కెప్టెనైనా మన సరంగైనా ఇదే లెక్క. బైకు లైసెన్సుకి ఎనిమిది వేయించే ఈ దేశంలో, కొత్తగా బోటెక్కిన కుర్రాడికి ఈ కుడి ఎడమల సంగతి ఎవరూ చెప్పకుండానే స్టీరింగు ఇచ్చేస్తున్నారు. రోడ్డు అలవాటుతో ఎడమకి లాగేవాళ్ళని నేనే చూశాను. రాత్రిపూట లైట్లు కూడా అంతే, ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ. అందంగా ఉంటుందని బోటు చుట్టూ రంగురంగుల సీరియల్ లైట్లు కడితే ఎదుటివాడికి మీరు వస్తున్నారో పోతున్నారో తెలీదు.

అదే నిబంధనల్లో ఇంకోటుంది. ఇంజిను బోటు, వల వేసి వేటలో ఉన్న బోటుకి తప్పుకోవాలి. వల నీళ్ళలో ఉన్నవాడు తిరగలేడు, ఆగలేడు. మా నాన్న తరంలో దీనికి పుస్తకం అక్కర్లేదు. వల వేసి ఉన్న తెప్ప దగ్గరికొస్తే దూరం నుంచే చెయ్యెత్తి "ఎటేశావు?" అని అడిగేవాళ్ళు. అతను చేత్తో వల వాలు చూపించేవాడు. చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. అరనిమిషం పని. ఇప్పుడు నీళ్ళ మీద తేలే థర్మాకోల్ ముక్క, ఖాళీ వాటర్ బాటిల్ కనబడితే చెత్త అనుకుని మీదుగా పోతున్నాం. అది చెత్త కాదు బాబూ, దాని కింద ఒకడి వల ఉంది, ఆ వల మీద అప్పుంది.

నష్టం వాడికేనని అనుకోకండి. తెగిన నైలాన్ దారం మీ ప్రొపెల్లర్ ఇరుసుకి చుట్టుకుంటుంది. చుట్టుకుని, తిరిగి తిరిగి, కత్తిలా ఆయిల్ సీలుని కోసేస్తుంది. నీళ్ళు గేరుబాక్సులోకి పోతాయి. మీరు వారం తర్వాత వచ్చి "గేరు పడ్డం లేదు" అంటారు. నేను బోల్టు విప్పితే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కారుతుంది. ఆ బిల్లు ఎంతవుతుందో మీకే తెలుసు. నా షెడ్డులో గోడకి ఒక మేకుంది, దానికి ఇలా ఇరుసుల మీద నుంచి కోసి తీసిన దారం తగిలిస్తుంటాను. ఇప్పుడది కొబ్బరి బోండమంత అయింది.

ప్లాస్టిక్ కథ కూడా నాకు అలాగే తెలుసు. ఇంజిను చల్లబడటానికి కింద నుంచి నీళ్ళు పీలుస్తుంది. నీళ్ళతో పాటు క్యారీ బ్యాగు, చిప్సు ప్యాకెట్టు, గుట్కా రేకు. దారి మూసుకుపోయి ఇంజిను వేడెక్కి గాస్కెట్టు పోతుంది. పోయినేడాది ఒక ఇంజినులోంచి పుట్టినరోజు బెలూను తీశాను, మీద "హ్యాపీ" అన్న అక్షరాలు ఇంకా చెదరలేదు. థర్మాకోల్ పళ్ళాలు, ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. బోటు మీద మాత్రం ఆ నిషేధం ఇంకా ఎక్కినట్టు లేదు. గాలికి ఎగిరిపోయాయండీ అంటారు. గాలి ఉంటుందని తెలుసు కదా, మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి తాడుతో కట్టండి.

నూనె దగ్గరికొచ్చేసరికి నేనే ముద్దాయిని. పాత రోజుల్లో తీసిన ఇంజినాయిలు ఎక్కడ పోశామో అడగొద్దు. బోటు అడుగున చేరే నీళ్ళలో డీజిలు, గ్రీజు, ఆయిలు కలిసి ఉంటాయి. దాన్ని మోటారు పెట్టి రేవు దగ్గరే బయటికి కొట్టేస్తారు. నీళ్ళ మీద నెమలి పింఛంలా రంగులు తేలతాయి. కొందరు తెలివిగా సర్ఫు చల్లుతారు. రంగులు పోతాయి, నూనె పోదు, కిందికి దిగి బురదలో చేరుతుంది. నేను ఇప్పుడు పాతాయిలంతా డ్రమ్ములో పడుతున్నాను, కొనుక్కుపోయే వాళ్ళున్నారు. మీ బోటు అడుగున ఇంజిను కింద ఒక రేకు తొట్టి పెట్టించండి, కారేది అందులో కారుతుంది, మిగతా నీళ్ళు శుభ్రంగా ఉంటాయి. పాత టూ స్ట్రోక్ ఇంజిన్లున్న వాళ్ళకి ఒక మాట. మీరు పోసిన పెట్రోలులో పావు వంతు దాకా కాలకుండానే నీళ్ళపాలవుతుంది, దాంతో పాటు అందులో కలిపిన ఆయిలూను. ఫోర్ స్ట్రోక్‌కి మారితే ఖర్చే, తెలుసు. కానీ ఆ పావు వంతు కూడా మీ జేబులోదే కదా.

ఇప్పుడు తాబేళ్ళు. దీని గురించే ఎక్కువ బాధ.

హోప్ ఐలాండ్ అంటే గోదావరి మోసుకొచ్చిన ఇసుక. సుమారు 16 కిలోమీటర్ల పొడవున సముద్రానికి అడ్డంగా పడుకుంది కాబట్టే లోపల మన బోట్లు చెరువులో తిరిగినట్టు తిరుగుతున్నాయి. ఆ ఇసుక మీదికి జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. ఏడెనిమిది వారాలకి పిల్లలు బయటపడతాయి. రాత్రి సముద్రం వైపే వెలుతురు ఎక్కువని వాటికి పుట్టుకతో తెలుసు, ఆ వెలుతురు పట్టుకుని పోతాయి. ఒడ్డున మనం నెగడు వేసినా, ఫ్లడ్ లైటు పెట్టినా అవి ఇటు తిరుగుతాయి. తెల్లారేసరికి కాకులకి పండగ.

మన రద్దీ, వాటి కాన్పులు ఒకే నెలల్లో పడ్డాయి. వాటిని మార్చుకోమనలేం. గుడ్లు పెట్టే ముందు అవి రోజుల తరబడి తీరం దగ్గరే తిరుగుతాయి, గాలి కోసం పైకొస్తాయి, ఒక్కోసారి ఎండకి తేలుతూ ఉంటాయి. బోటు వచ్చేసరికి తప్పుకునే టైము వాటికి చాలదు. నేను రిపేరుకి తీసిన ఒక ప్రొపెల్లర్ రెక్క మీద పెంకు ముక్క ఇరుక్కుని ఉంది. గోటితో గీకి తీశాను. చేతి వేలు గోరంత ముక్క, బూడిద ఆకుపచ్చ రంగు. ఆ బోటు యజమాని పక్కనే ఉన్నాడు. ఏదో దుంగ తగిలిందన్నాడు. నేనూ అవునన్నాను.

ట్రాలర్ వలల్లో చచ్చే తాబేళ్ళే ఎక్కువ, ఒప్పుకుంటాను. వాళ్ళకి రాయాల్సిన లేఖ వేరే ఉంది. కానీ వేటవాళ్ళు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కట్టేసి గట్టు మీద కూర్చుంటున్నారు, చేప గుడ్డు పెట్టుకోవాలని. రెండు నెలల కూలి వదులుకునే వాళ్ళ పక్కనే ఉంటూ మనం పది నిమిషాలు ఆలస్యం ఓర్చుకోలేమా?

తాబేళ్ళు వచ్చే ఆ మూడు నెలలూ దీవి చుట్టుపక్కల నెమ్మదిగా పోండి, ముందు ఒక మనిషిని చూడటానికి నిలబెట్టండి. చీకటి పడ్డాక దీవి మీద జనాన్ని ఉంచొద్దు. పిల్ల తాబేలుని చేతిలో పెడితే వెయ్యి ఇస్తానన్న వాడు ఒకడు దొరుకుతూనే ఉంటాడు. 1972 వన్యప్రాణి చట్టంలో దానికి పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటిచ్చారు. పులి పిల్లని పట్టుకుని ఫోటో దిగుతారా అని అడగండి వాణ్ణి.

సరంగు తమ్ముళ్ళని తిట్టి లాభం లేదని నాకు తెలుసు. ట్రిప్పుకింత అని మీరు ఇచ్చే జీతమే వాడి చేత థ్రోటిల్ నొక్కిస్తోంది. రోజు కూలి ఖాయం చేయండి, వాడే తగ్గిస్తాడు. టూరిస్టులు స్పీడు కావాలంటారు, నిజమే. వాళ్ళకి బోటంటే సినిమాలో చూసిందే. కాలువలో ఇంజిను బాగా తగ్గించి, పాట ఆపి, ఐదు నిమిషాలు మాట్లాడొద్దని చెప్పి చూడండి. నేనొకసారి ఒక బోటులో చెప్పించాను. రెండో నిమిషంలో ఒక చంటిపిల్ల, "అమ్మా, బురద మాట్లాడుతోంది" అంది. ఆటుకి నీళ్ళు దిగుతుంటే బురదలోంచి వచ్చే చిటపటలు. ఆ పిల్ల దిగేదాకా దాని గురించే.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగి అంతమంది పోయాక లైఫ్ జాకెట్లు వచ్చాయి, కాయితాలు వచ్చాయి, తనిఖీలు వచ్చాయి. మంచిదే, ఆ విషయంలో ఎవరూ సడలొద్దు. కానీ తనిఖీ చేసేవాడు రేవులో ఉంటాడు. కాలువ మలుపులో ఉండేది మీరు, ఆ పెద్దావిడ, అంతే.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, ఓడలు బాగుచేసి పంపిన రేవు. ఇక్కడి నుంచి బర్మాకి అంతమంది వెళ్ళారంటే, రంగూనులో తెలుగువాళ్ళందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవుని తుడిచేసింది. తాళ్ళరేవులో ఇప్పటికీ చెక్క బోటు కట్టే చేతులున్నాయి. అలాంటి చోట బోటు నడపడం రానివాళ్ళని ఎవరైనా అంటే నాకు రోషం వస్తుంది. మీకూ రావాలి.

చేయగలిగింది నేను చెబుతాను. నా దగ్గరికి వచ్చే బోట్లకి రెండేళ్ళుగా థ్రోటిల్ లీవరు పక్కన ఎర్ర పెయింటుతో ఒక గీత గీస్తున్నాను. ఆ బోటు ముక్కు పైకి లేవకుండా ఎంతదాకా వెళ్ళొచ్చో నీళ్ళలో నడిపి చూసి గీసిన గీత. కాలువలోకి రాగానే లీవరు గీత దాటకూడదు, అంతే లెక్క. ఇప్పటికి పదకొండు బోట్లకి గీశాను. కార్తీకం మొదలయ్యేలోపు మీ బోటు కూడా తీసుకురండి. డబ్బులొద్దు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా వస్తే మంచిది, ఆ తర్వాత ఎండకి పెయింటు సరిగా పట్టదు. డబ్బా నిండుగానే ఉంది.

ఇట్లు,
మీ ఇంజిన్లు బాగుచేసే మెకానిక్,
కాకినాడ